కత్తెర చప్పుడెక్కడ?

గర్షకుర్తి, కరీంనగర్ జిల్లా
14 జులై 2024

బావకు అంబదాస్ నమస్కారాలు.

నీకు ఉత్తరం రాసి ఇరవై ఏళ్లు దాటింది. కారణం ముందే చెబుతాను, నువ్వూ అక్కా పరేషాన్ కావద్దు. అందరం బాగానే ఉన్నాం. నేను ఫోన్‌లో మాట్లాడడం మానేశాను, అంతే. ఫోన్‌లో మనిషి గొంతును పిండి, పైన ఉండే సన్నటి ధ్వనులన్నీ కోసేసి, మిగిలిన పిప్పిని పంపుతారని ఈమధ్యే తెలిసింది. అసలైన సంగీతానికి అలవాటు పడుతున్న చెవిలో ఆ పిప్పి పోసుకోలేను. నీ బొటనవేలికి టైపు కొట్టడం రాదు కాబట్టి మనిద్దరికీ ఇక కాగితమే గతి.

అసలు సంగతికి వస్తాను. మంచిర్యాలలో రికార్డింగు పని చేసే మన చుట్టాలమ్మాయి కావ్య, అక్క పాడే బీడీల పాటను దసరా నాటికి హై రిజల్యూషన్‌లో రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడతానంది. చిన్నప్పుడు అవ్వ చాట ముందేసుకుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తుంటే, ఆ కత్తెర తాళానికి అక్క పాడేది. నేను ఆ చప్పుడుకే నిద్రపోయేవాణ్ని. అలాంటి పాటను మామూలు ఫోన్ స్పీకరులో వినడం తప్పు. అందుకే ముందుగానే సామాను తెప్పించుకున్నాను.

ఫోన్‌కు గుచ్చే డాంగిల్ ఒకటి, బొటనవేలంత ఉంటుంది. దానికి తగిలించే ఇయర్‌ఫోన్లు వేరే. పాట మామూలుగా వస్తే డాంగిల్‌లో పచ్చ లైటు వెలుగుతుంది, పూర్తిగా వస్తే నీలం లైటు. నెల రోజులుగా నాకు పచ్చే. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, వాళ్లు అంగుళానికి తొంభై ఆరు పోగుల బట్ట పంపుతుంటే నా ఫోన్ సగం పోగులు లాగేసి నలభై ఎనిమిది పోగుల జాలీ బట్ట చేతిలో పెడుతోంది. నలభై ఏళ్లు ఆదిలాబాద్‌లో రేడియోలు విప్పావు కదా. ఒక్క స్పీకరుతో మూలిగే డబ్బాలే అయినా, వైర్ల సంగతి నీకు కొంత తెలిసే ఉంటుంది. ఉపాయం రాయి.

నీ బామ్మర్ది
అంబదాస్

ఆదిలాబాద్
25 జులై 2024

బామ్మర్దీ,

కవరు మీద నీ చేతిరాత చూసి మీ అక్క ఎవరో పోయారని కూలబడింది. చదివి వినిపించాక, పోయింది నీ బుద్ధి ఒక్కటేనని తేలి లేచి అన్నం వండింది.

నీ చెవులు ఇంత నాజూకైనవని నాకు పెళ్లినాడే తెలిసి ఉంటే బ్యాండుమేళం మాన్పించేవాణ్ని. ఎనిమిది సాంచాల మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి ఫోన్‌లో అక్క గొంతు మోటుగా వినబడుతోందట. ఇంతకీ నువ్వు నేసేది ఏం బట్ట? బడిపిల్లల అంగీల గుడ్డ. అందులో అంగుళానికి ఎన్ని పోగులు తగ్గిస్తావో నాకు తెలియదనుకోకు.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. ఫోన్‌లో ఎన్ని యాప్‌లున్నా వాటి చప్పుళ్లన్నీ ఒకే జల్లెడలోంచి పోతాయి. పాటా అదే జల్లెడ, మెసేజి వచ్చినప్పటి టింగుమనే చప్పుడూ అదే జల్లెడ. ఆ జల్లెడ దాటించాలంటే పాటల యాప్ సెట్టింగ్స్‌లో డాంగిల్‌కు నేరుగా పంపే మీట ఉంటుంది, అది నొక్కు. నీ యాప్‌లో అది లేకపోతే ఉన్న యాప్ పెట్టుకో. డాంగిల్ గుచ్చాకే యాప్ తెరువు. ఇంకొకటి, మొబైల్ డేటా మీద వింటే యాప్ తనంతట తానే నాణ్యత తగ్గిస్తుంది. అక్కడ కూడా ఎక్కువకు మార్చు. ఇవన్నీ చేశాక కూడా పచ్చ లైటే వస్తే దానికి నీలం కాగితం అంటించుకో. తేడా నీకు గానీ ఇంకెవరికి గానీ తెలియదు.

మీ అక్క ఫోన్ చేయమంటోంది. పిప్పి అయినా పర్వాలేదట.

లక్ష్మీరాజం

గర్షకుర్తి
20 ఆగస్టు 2024

బావకు,

నీలం లైటు వచ్చింది.

నీ ఉపాయమే పనిచేసిందని ఒప్పుకుంటున్నాను, రెండోసారి అడగకు. యాప్ మార్చాను, మీట నొక్కాను, వైరు కూడా పొట్టిది తెప్పించాను. ఇప్పుడు ఫోనూ డాంగిలూ ఛార్జింగు డబ్బా మూడింటినీ రబ్బరుబ్యాండ్లతో కట్టి అంగీ జేబులో పెట్టుకుంటున్నాను. డాంగిల్ ఫోన్ బ్యాటరీని తాగేస్తుంది, అందుకని ఛార్జింగు డబ్బా. నడిచేటప్పుడు వైరు గుండీకి తగిలితే చెవిలో ఉరుము వస్తుంది. అందుకే జర నిదానంగా నడుస్తున్నాను. సెలైన్ సీసా పట్టుకుని తిరిగే రోగిలా ఉన్నావని మమతారాణి అంటోంది. పెళ్లాం మాటలు పట్టించుకుంటే నేను ఇంట్లో ఏ వస్తువూ కొనలేను.

షెడ్డులో నిలబడ్డవాడినని నవ్వావు. ఇప్పుడు పాటలు వినేది కూడా అక్కడే. అక్కడైతే ఎవరూ నన్ను పలకరించరు, అదే సుఖం. ఎనిమిది సాంచాలు నడుస్తుంటే నోటి మాట ఎవడికి వినబడుతుంది? పోగు తెగితే రెండు వేళ్లు చూపిస్తాం, కండె అయిపోతే అరచేయి తిప్పుతాం, మిగతాది మూతి చూసి పోల్చుకుంటాం. సాంచా చెడితే నేను చెక్క మీద చేయి ఆనించి రోగం చెబుతాను. చెవితో పనేలేదు. అలాంటప్పుడు చెవులు ఖాళీగా ఎందుకుండాలి?

ఒక్కటే చిరాకు. నా ఇయర్‌ఫోన్ల పాట వంటింట్లోకి వినబడుతోందని మమతారాణి గొడవ. వాల్యూము చివరిదాకా పెడితే తప్ప ఈ ఇయర్‌ఫోన్లలో తళుకు రాదని ఎంత చెప్పినా ఎక్కదు. పైగా మొన్న మూడు కూతలకు కుక్కరు దించమని నాకు చెప్పి వెళ్లింది. అది ఒక్క కూతా కూయలేదు. పప్పు మాడింది. కుక్కరు పాడైందంటే నా మీద అరుస్తోంది. కొత్త కుక్కరు తెమ్మన్నా వద్దంటోంది, పాతది బాగానే ఉందట.

అక్క పాట ఎప్పుడొస్తుంది? దానికి ముందే ఇంకో జత ఇయర్‌ఫోన్లు తెప్పించాలనుకుంటున్నాను. వీటిలో పైస్వరాలు కొంచెం తక్కువ. పోయిన జతలోనూ తక్కువే, అంతకుముందు జతలోనూ తక్కువే.

అంబదాస్

ఆదిలాబాద్
5 అక్టోబరు 2024

మూడు డబ్బాల మారాజుకు,

పాట వచ్చేసింది. కావ్య దానికి కత్తెర పాట అని పేరు పెట్టి నీ ఫోన్‌కు లింకు పంపింది. అది ఎలా తయారైందో తెలిస్తే నీకు కొంచెమైనా భయం పుడుతుందని రాస్తున్నాను.

కావ్య మంచిర్యాల నుంచి మైకు తెచ్చి, ఇంట్లోని బొంతలన్నీ గోడలకు వేలాడదీసింది. ఫ్యాను ఆపింది, ఫ్రిజ్జు ఆపింది. నా ఊపిరి కూడా రికార్డవుతోందని నన్ను అరుగు మీదికి తోలింది. మీ అక్క చాటలో తునికాకు పోసుకుని, మీ అవ్వ, అదే మా అత్త బాలవ్వ వాడిన కత్తెరకు సాన పట్టించి కూర్చుంది. బీడీలు మానేసి పదిహేనేళ్లయినా చేయి మరవలేదు. పాట ఏడు నిమిషాలు. కత్తెర ఒక్కచోట కూడా తాళం తప్పలేదు. నేను అరుగు మీద కూర్చుని కిటికీలోంచి విన్నాను. పొగడడం నాకు అలవాటు లేదు కాబట్టి బాగుందని మాత్రం చెప్పి ఊరుకున్నాను. దానికే మీ అక్క రెండు రోజులు సంతోషంగా ఉంది.

నీకు ఆమె హుకుం ఒకటే. చివరిదాకా వినాలి. పాట అయిపోయాక మిగిలే ఆ కొంచెం కూడా వినాలి. ఎందుకని అడగకు. నేను చెబితే ఈసారి అరుగు మీదే పడుకోవాలి. విన్నాక లైట్ల సంగతి కాదు, పాట సంగతి రాయి.

లక్ష్మీరాజం

గర్షకుర్తి
15 అక్టోబరు 2024

బావకు,

విన్నాను. మూడు జతల ఇయర్‌ఫోన్లలో, పదకొండుసార్లు, చివరిదాకా విన్నాను. నీలం లైటు ఒక్కసారి కూడా తప్పలేదు. కాబట్టి లోపం నా వైపు లేదని ముందే చెబుతున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా పద్ధతి. రికార్డింగు బాగా రాలేదు. అక్క గొంతు బొంత కింద నుంచి వస్తున్నట్టుంది. నువ్వు గోడలకు కట్టారన్న బొంతలు ఆమెకే కప్పారేమోనని అనుమానం. మాటలు ముద్దముద్దగా ఉన్నాయి. సగం చరణాలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి పోల్చుకున్నాను. కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది? అన్నిటికంటే ఘోరం, కత్తెర చప్పుడెక్కడ? పాట పేరులోనే కత్తెర పెట్టి, పాటలో కత్తెర లేకుండా చేశారు. మైకు తప్పు చోట పెట్టి ఉంటుంది కావ్య. మంచిర్యాలలో నేర్చింది ఇదేనా అని అడుగు. ఇంత పెద్ద ఫైలు పంపింది, అందులో ఉండాల్సింది మాత్రం పంపలేదు.

ఇక చివరి సంగతి. పాట అయిపోయాక ఏదో చాప ఈడ్చినట్టు గుసగుసమని రొద ఉంది. అది కోసేయమని కావ్యకు చెప్పు. చేతనైనవాళ్లు ఎవరూ అలాంటి చెత్త చివర్లో వదలరు.

అక్కకు నా మాటగా చెప్పు, మళ్లీ పాడితే బాగుంటుంది. ఈసారి సరైన మైకుతో.

అంబదాస్

ఆదిలాబాద్
28 అక్టోబరు 2024

అంబదాస్,

నీ ఉత్తరం మీ అక్కే విప్పింది. నేను దుకాణం నుంచి వచ్చేసరికి చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టేసింది. ఏం రాశాడని అడిగితే కోసేయమన్నాడంది. మర్నాడు పొద్దున కావ్యకు ఫోన్ చేసి పాట తీసేయమంది. కావ్యే బతిమాలి జనవరి ఆఖరు దాకా గడువు తీసుకుంది. అప్పటికీ మనసు మారకపోతే పాట పోతుంది. కత్తెర మళ్లీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఇంట్లో కూనిరాగం కూడా లేదు. ముప్పై నాలుగేళ్ల సంసారంలో ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు.

పాట నచ్చకపోతే నచ్చలేదని రాయొచ్చు. అది నీ ఇష్టం. కానీ అబద్ధం ఎందుకు? నా దుకాణంలో మూలన పడి ఉన్న పాత స్పీకరు డబ్బాలో వేసి విన్నాను. దానికి లైటే లేదు, నీలమూ లేదు పచ్చా లేదు. అందులో కత్తెర చక్కగా వినబడింది. రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చిన మరాఠీ గిరాకీ ఒకాయనకు తెలుగు ముక్క రాదు, ఆయన కూడా వేళ్లతో కత్తెర ఆడించి చూపించాడు.

ఇందులో రెండు పాటలున్న మెమరీ కార్డు పెడుతున్నాను. రెండూ మీ అక్క పాటే. ఒకటి అసలైనది, ఒకటి పనికిమాలినది. ఏది ఏదో చెప్పు. సరిగ్గా చెబితే నా నలభై ఏళ్ల పనికి దండం పెట్టి నీ దగ్గర శిష్యుడిగా చేరతాను. తప్పు చెబితే ఆ మూడు డబ్బాల కట్ట గోదావరిలో వెయ్యి, వచ్చి మీ అక్క ముందు కూర్చుని క్షమించమని అడుగు.

లక్ష్మీరాజం

గర్షకుర్తి
12 నవంబరు 2024

బావకు,

అక్క పాట తీసేయమనడం నాకు నచ్చలేదు. నేను మెరుగు చేయమన్నాను, తీసేయమనలేదు. అక్కకు చిన్నప్పటి నుంచీ అలకే.

నీ పరీక్షకు జవాబు. మొదటి పాట అసలైనది. అందులో గాలి ఉంది. అక్క చుట్టూ గది ఎంత వెడల్పో తెలుస్తోంది. గొంతుకు అంచు ఉంది. ఇంతకుముందు వినబడని కత్తెర ఇందులో లీలగా వినబడుతోంది, శ్రద్ధగా వింటే. రెండో పాట పనికిమాలినది. ముద్దగా, మూసేసినట్టుగా ఉంది, ఎడ్లకొట్టంలో పాడినట్టు. ఇంత తేడా చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. రెండింటికీ నీలం లైటే వచ్చేలా చేశారు, మోసం బాగానే ఉంది. కానీ లైటు చూసి కాదు, నేను చెవితో చెబుతున్నాను.

శిష్యుడిగా ఎప్పుడు వస్తున్నావు?

అంబదాస్

ఆదిలాబాద్
24 నవంబరు 2024

అంబదాస్‌కు,

మొదటిది పనికిమాలినది. కావ్య చేత పైస్వరాలన్నీ కోయించాను. పాతకాలం ట్రంకు కాల్ అంతే ఉంటుంది. కత్తెర అందులో లేనేలేదు, పూర్తిగా తీసేశాం. నువ్వు లీలగా విన్నది దేన్నో నాకు తెలియదు.

నీ జవాబు వచ్చిన రోజు దుకాణం తొందరగా మూసి ఇంటికి పరుగెత్తాను. మీ అక్కను నవ్వించాలని, గాలి, గది వెడల్పు, ఎడ్లకొట్టం, అన్నీ నీ గొంతు పెట్టి చదివాను. నెల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూద్దామని ఆశ. ఆమె నవ్వలేదు. చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"గిది నవ్వే ముచ్చట కాదు. వానికి ఇనవడ్తలేదు," అంది.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు చెప్పింది. "మొన్న ఉగాదికి వచ్చినప్పుడు ఎనుకనుంచి మూడుసార్లు పిలిచిన. తిరగలే. ఎదురుంగ నిలవడితే నా మూతి దిక్కే చూసుకుంట మాట్లాడిండు. వక్క నములుతున్న గదా, పండ్లు ఎర్రగైనయేమో అనుకున్న."

బామ్మర్దీ, నాలుగు నెలలుగా నీ ఉత్తరాలు దుకాణంలో గిరాకీలకు కూడా చదివి వినిపించి నవ్వాను. అందులో కూయని కుక్కరు ఉంది. వంటింటి దాకా వినబడే ఇయర్‌ఫోన్లున్నాయి. మూడు జతల్లోనూ తక్కువైన పైస్వరాలున్నాయి. స్పీకరు పోయిందని ఎవరైనా సెట్టు తెస్తే నేను ముందు స్పీకరు విప్పను, మిగతా అంతా చూసి చివరికి దాని దగ్గరికి వస్తాను. అలాంటివాడిని నీ డాంగిల్‌కు ఉపాయాలు చెబుతూ కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు పేరు, వేళలు వెనుక రాశాను. మమతారాణిని తీసుకుని వెళ్లు.

ఇంకొకటి. చివర్లో నువ్వు చాప ఈడ్చినట్టుందన్నది చాప కాదు. పాట అయ్యాక మీ అక్క చిన్నగా నీతో ఒక మాట అంది. కావ్య దాన్ని కావాలనే ఉంచింది. ఆ మాటకు జవాబు వస్తుందని మీ అక్క పది రోజులు చూసింది. నువ్వు కోసేయమని రాశావు. ఏమందో నేను రాయను, అది నా మాట కాదు.

లక్ష్మీరాజం

గర్షకుర్తి
2 డిసెంబరు 2024

శ్రీయుత లక్ష్మీరాజం గారికి,

మీ ఉత్తరం అందింది. చెవుల డాక్టరు పేరు పంపినందుకు ధన్యవాదాలు. మీ చేతిరాత చూస్తే కళ్ల డాక్టరు పేరు మీకు నేను పంపాల్సి ఉంది.

బావమరిదిని ఆట పట్టించడం లోకంలో ఉన్నదే. చెవిటివాణ్ని చేయడం ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లుగా ఎనిమిది సాంచాల షెడ్డు నడుపుతున్నాను. షెడ్డులో ఈరోజు వరకు ఒక్కరు కూడా నాకు వినబడదని అనలేదు. మీరు దొంగ పాట పంపి, దాన్ని నాతో పొగిడించి, అది గిరాకీలకు చదివి వినిపించారు. సంతోషం.

మీ మెమరీ కార్డు ఇందులో పెట్టి పంపుతున్నాను. అక్క ఏదో అన్నదని రాసి, ఏమన్నదో దాచడం పెద్దమనిషి పని కాదు.

ఇట్లు
అంబదాస్

ఆదిలాబాద్
15 డిసెంబరు 2024

తమ్మునికి సక్కుబాయి రాసేది.

మీ బావ రాసినట్టు నాకు రాయ రాదు. మాట్లాడినట్టే రాస్తున్న.

షెడ్డుల ఎవ్వరు అనలే అన్నవు. షెడ్డుల ఎవ్వడు మాట్లాడుతడురా అనడానికి? అందరు చేతులు ఊపుకుంట ఉంటరు. అక్కడున్నన్ని రోజులు నీకు ఇనవడ్తలేదని నీకే తెల్వదు. బయటికొచ్చినంకనే తెలుస్తది. అందుకే నువ్వు బయటికి వస్తలేవు, ఫోన్ ఎత్తుతలేవు.

నువ్వు రెండేండ్ల పోరడప్పుడు అవ్వ కత్తెర ఆపితే లేచి ఏడ్చేటోనివి. అవ్వ చేతులు నొయ్యంగ కూడ ఉత్తగనే కత్తెర ఆడిచ్చేది, నువ్వు పండాలని. నేను పాటల కత్తెర పెట్టిచ్చింది నీ కోసమే. మంది కోసం కాదు.

నేను చివర ఏమన్ననో రాయ. రాస్తే నువ్వు దవాఖానకు పోవు, చదువుకోని ఊకుంటవు. మమతను ఇని చెప్పుమని అడుగుతవేమో, దానికి ఒట్టు పెట్టిన. నీ చెవులతోని ఇను. జనవరి ఆఖరుదాకనే పాట ఉంటది. అటెనుక నేనే తీపిస్త. నీకు ఇనవడని పాట నాకెందుకు?

కుక్కరు పాడైందన్నవు గద, ఇటు పంపు. నేను వాడుకుంట.

సక్కుబాయి

గర్షకుర్తి
19 జనవరి 2025

అక్కకు,

నాకు తెలుసు. రెండేళ్లుగా తెలుసు. బస్టాండులో ఎవరో హారన్ కొడితే నేను తప్ప అందరూ తప్పుకున్న రోజే తెలిసింది. కానీ డాంగిల్ కొంటే యంత్రం తప్పవుతుంది, డాక్టరు దగ్గరికి వెళ్తే నా తప్పవుతుంది. అందుకని యంత్రాలు కొంటూ పోయాను. ఒక్కొక్క జత తెచ్చినప్పుడల్లా ఈసారి పైస్వరాలు వినబడతాయని ఆశ, వినబడకపోతే ఇంకో జత. నీ పాటలో అవ్వ కత్తెర కూడా వినబడనప్పుడు నాకు చాలా భయమేసింది. ఆ భయాన్ని కావ్య మైకు మీద రుద్దాను. నీ గొంతు మీద కూడా రుద్దాను. తప్పయింది.

కరీంనగర్ వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, వినబడినప్పుడు మీట నొక్కమన్నారు. నేను ఎక్కువసేపు నొక్కకుండా కూర్చున్నాను. యంత్రం చెడిందేమో చూడమన్నాను కూడా. పరీక్ష చేసే అమ్మాయి ఓపికగా బయటికి పిలిచి నా వినికిడి గీత చూపించింది. కొంతదూరం రోడ్డులా చదునుగా ఉండి, ఒక్కసారిగా బావిలోకి దిగిపోయింది. పోయింది రాదట, సాంచాల చప్పుడే తినేసిందట. షెడ్డులో మిగతా ముగ్గురినీ కూడా తీసుకురమ్మంది. వాళ్లలో మల్లేష్‌కు చేతులతో చెబితే, నాకేం రోగమని చేతులతోనే తిట్టాడు.

చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చారు, పల్లీ పొట్టు రంగులో ఉంది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలుస్తుంది. బావకు చెప్పు, పాటను పిండేస్తుందని నేను రోజూ తిట్టే బ్లూటూతే. దానికి లైటు లేదు. అందులో పాట ఎన్ని పోగులొస్తుందని అడిగితే, పాటల కోసం కాదు, మాటల కోసమని ఆ అమ్మాయి చెప్పింది.

మొదటి రోజు తల పగిలింది. నా చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయని నాకు తెలియదు. మమతారాణి పొద్దంతా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుందట, ఇన్నేళ్లూ తప్పించుకున్నాను. కుక్కరు కూసింది, అది పంపడం లేదు. షెడ్డులోకి వెళ్లగానే యంత్రం తీసేసి చెవుల్లో దూది పెట్టుకున్నాను. చప్పుడు అంత ఉంటుందని ఇప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్లు అందులో నిలబడి, పైన పాట పెట్టుకుని విన్నాను. బావ ఎంత నవ్వినా తక్కువే.

నాలుగో రోజు పాట పెట్టాను. కత్తెర వినబడింది. అవ్వ కత్తెరలా లేదు, రేకు మీద మేకు గీసినట్టుంది. అయినా కత్తెరే. మూడో చరణం దగ్గర ఆపాను. మమతారాణి వచ్చి ఏమైందని అడిగింది. ఆమె మూతి చూడకుండానే నాకు అర్థమైంది.

తర్వాత చివరిదాకా విన్నాను. నేను చాప అన్నది కూడా విన్నాను. మొదటిసారి నా పేరు ఒక్కటే తెలిసింది. నాలుగోసారికి మాటంతా తెలిసింది. "అంబదాసూ, మంచిగున్నదారా?"

పాట తీసేయొద్దు. ఆ చివరి మాట అసలు కోయొద్దు. రేపటి నుంచి ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. జర గట్టిగా మాట్లాడు. మూడు డబ్బాల కట్ట బావకు బస్సులో పంపుతున్నాను, దుకాణంలో నీలం లైటు వేసుకుని కూర్చొమ్మను.

నువ్వు అడిగి మూడు నెలలు దాటింది. మంచిగున్నదక్కా. రెండో చరణంల మాత్రం శ్రుతి జర జారింది. గది కూడ గిప్పుడే ఇనవడ్డది.

నీ తమ్ముడు
అంబదాస్